షుగర్ ప్యాకేజీలో హెచ్‌ఎస్-సీఆర్‌పీ: ఆ అంకెతో దిగులు బయటపడుతుందా?

హైదరాబాద్‌లో ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబుల షుగర్ ప్యాకేజీలు కొన్నింటిలో హెచ్‌ఎస్-సీఆర్‌పీ కూడా ఉంటోంది. ఒంట్లో పైకి కనిపించని వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఎంతుందో చెప్పే పరీక్ష ఇది. షుగర్ ఉన్నవాళ్ల డిప్రెషన్‌కీ ఈ వాపుకీ లంకె ఉందని విని, ఇంట్లో ఎవరైనా నీరసంగా, ముభావంగా ఉంటే ఈ ప్యాకేజీ బుక్ చేసేవాళ్లున్నారు. షుగర్ వరకు ఇది మంచి ప్యాకేజీ. మనసు సంగతి తేల్చే పరీక్ష మాత్రం ఇందులో లేదు.

‘ఎనభై పరీక్షలు’ అన్న ప్రకటనను పట్టించుకోనక్కర్లేదు. రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ ఒక్కదాంట్లోనే ఇరవై దాకా అంకెలుంటాయి, వాటినీ విడివిడిగా లెక్కేస్తారు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, విటమిన్ బీ12 ఉన్నాయా అన్నదే చూడాలి. బీ12 లేని ప్యాకేజీ వద్దు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గొచ్చు. అప్పుడు అరికాళ్ల తిమ్మిరితో పాటు నీరసం, మతిమరుపు, దిగులు కూడా వస్తాయి. థైరాయిడ్ తగ్గినా దాదాపు ఇదే వరస.

శాంపిల్ తీసేటప్పుడు ట్యూబుల మూతలు గమనించండి. హెచ్‌బీఏ1సీకి ఊదా మూత, పరగడుపు షుగర్‌కి బూడిదరంగు మూత, సీఆర్‌పీకి ఎరుపు లేదా పసుపు మూత. బూడిదరంగు ట్యూబులో ఉండే ఫ్లోరైడ్, రక్తకణాలు గ్లూకోజ్‌ని తినేయకుండా అడ్డుపడుతుంది. అది లేని ట్యూబులో పోస్తే గంటకి 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ పోతుంది. మియాపూర్‌లో తీసిన రక్తం రెండు గంటలు బండి మీద తిరిగి ల్యాబు చేరేసరికి 126 కాస్తా 110 దగ్గరికి దిగొచ్చు. బ్యాగులో ఐస్ ప్యాక్ ఉందో లేదో అడగడానికి మొహమాటపడకండి.

ఇక సీఆర్‌పీ. పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు నుంచి, రోగనిరోధక కణాల నుంచి వాపును రేపే ఐఎల్-6 వంటి రసాయనాలు వస్తుంటాయి. వాటి ప్రభావంతో కాలేయం సీఆర్‌పీని తయారుచేస్తుంది. ఇలాంటి రసాయనాలు పెరిగినప్పుడు, మనసు స్థితితో ముడిపడ్డ మెదడు రసాయనం సెరటోనిన్‌కి ముడిసరుకైన ట్రిప్టోఫాన్ వేరే దారి పడుతుంది. లంకె ఉందనడానికి ఇదొక ఆధారం. అది రెండువైపులా నడుస్తుంది: దిగులుగా ఉన్న మనిషి నడక మానేస్తాడు, మాత్రలు మరుస్తాడు, షుగర్ పెరుగుతుంది, వాపూ పెరుగుతుంది. 2013లో అచ్చయిన ఒక ప్రయోగంలో, మామూలు మందులకు లొంగని డిప్రెషన్ ఉన్న 60 మందిని తీసుకుని, కొందరికి వాపు తగ్గించే ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఇచ్చి చూశారు. మొత్తం మీద తేడా రాలేదు. సీఆర్‌పీ లీటరుకి 5 మిల్లీగ్రాములు దాటినవాళ్లలో మాత్రం మేలు జరిగే సూచనలు కనబడ్డాయి. అంటే వాపు డిప్రెషన్‌లో అందరికీ ఒకే పాళ్లలో ఉండదు.

అందుకే రిపోర్టులో 4 కనబడితే ‘డిప్రెషన్’ అనుకోవడం తప్పు, 0.8 ఉంటే ‘ఏమీ లేదు’ అనుకోవడం ఇంకా పెద్ద తప్పు. లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు, 1 నుంచి 3, 3 పైన అనే హద్దులు గుండెజబ్బు ముప్పు కోసం పెట్టినవి. చిగుళ్ల వాపు, మానని కాలిపుండు, వారం కిందటి వైరల్ జ్వరం, ఏదైనా ఈ అంకెను పెంచేస్తుంది. 10 దాటితే ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతికించి, రెండు వారాలాగి మళ్లీ చేయించాలి. యూనిట్ కూడా చూడండి: డెసీలీటరుకి 0.4 అన్నా లీటరుకి 4 అన్నా ఒకటే. అంకె తగ్గిద్దామని సొంతంగా నొప్పి మాత్రలు మింగితే షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు చేటు.

మాకు కోపం తెప్పించేది డిప్రెషన్‌ని పసిగట్టే ప్రశ్నపత్రం పీహెచ్‌క్యూ-9 లేకపోవడం. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, గడిచిన రెండు వారాల గురించి. తెలుగులోనూ ఉంది, పైసా ఖర్చు లేదు. రిపోర్టు వచ్చాక డైటీషియన్‌తో ఫోన్ చేయించే ల్యాబు అదే ఫోన్లో ఐదు నిమిషాలు ఈ ప్రశ్నలు అడగలేదా? షుగర్ ఉన్నవాళ్లకు డిప్రెషన్ దాదాపు రెండింతలు ఎక్కువని తెలిసీ వదిలేస్తున్నారు.

ల్యాబు అడగకపోతే ఇంట్లోనే అడగండి. నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నలకు షుగర్ వల్ల కూడా మార్కులు పడతాయి. రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేచేవాడికి నిద్రెక్కడిది! అందుకని మొదటి రెంటి మీద, అంటే దేనిమీదా ఆసక్తి లేకపోవడం, మనసు కుంగడం మీద, ఎక్కువ దృష్టి పెట్టండి. ఆ రెంటికీ కలిపి 3 లేదా ఎక్కువ వచ్చినా, మొత్తం 10 లేదా ఎక్కువ వచ్చినా రిపోర్టుతో పాటు ఈ కాగితం కూడా డాక్టరుకి చూపించాలి. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలన్న ఆలోచనల గురించి. దానికి సున్నా కాకుండా ఏ జవాబొచ్చినా రక్తం రిపోర్టు కోసం ఆగకండి. మనిషిని ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికో, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికో తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రయినా పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.