మోటుపల్లి టూరుకి డబ్బులు కట్టే ముందు ఇది చదవండి

ఒంగోలు, చీరాల వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న 'ఒక్క రోజులో మోటుపల్లి చరిత్ర' ప్యాకేజీ గురించి చెబుతున్నా. మోటుపల్లి అంటే చీరాల దగ్గర సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు, ఒకప్పటి ఓడరేవు. మనిషికి 1,800, అంతా ముందే కట్టించుకున్నారు. రెండు పాత గుడులు, కాకతీయుల శాసనం, చరిత్ర తెలిసిన గైడు అని రాశారు. పొద్దంతా గడిచింది మాత్రం రిసార్టు భోజనంతో, ఒక కొట్టు దగ్గర.

వీరభద్రస్వామి గుడి దగ్గర వ్యాను ఆపీ ఆపకుండానే ఎక్కమన్నారు. శాసనం ఏదండీ అంటే, 'రుద్రమదేవి వేయించిన రాయిలెండి, అక్షరాలు కనపడవు' అన్నాడు గైడు. మా నాన్నగారు సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు, ఆ రాయి చూడ్డానికే బయల్దేరారు. ఆయన మొహం చూడలేకపోయాను. వేయించింది రుద్రమ కాదు, ఆమె తండ్రి గణపతిదేవుడు, 1244లో. తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే రాజులే లాగేసుకునే రోజులవి. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప ఏదీ ముట్టుకోమని, సముద్రం మీద వచ్చే వర్తకులకి అభయమిచ్చాడాయన. ఆ మాట నమ్మే కదా గంధం, కర్పూరం, ముత్యాలు ఈ రేవుకి వచ్చింది! తర్వాత మార్కో పోలో ఇక్కడి సన్నబట్టల్ని మెచ్చుకున్నాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా వర్తకులకి ఇక్కడే శాసనం వేయించాడు. ఇందులో ఒక్క ముక్కా గైడు నోట రాలేదు.

ఇక ఆ కొట్టు. 'తవ్వకాల్లో బయటపడ్డ' చైనా పింగాణీ పెంకులు, పాత నాణేలు అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. మాతో వచ్చినాయన 2,500 పెట్టి కొన్న నాణేన్ని చీరాలలో కంసాలి చూసి, కొత్తగా పోత పోసిందని తేల్చేశాడు. పోనీ నిజమైనదే అనుకున్నా, వందేళ్లు దాటిన పురావస్తువుని లైసెన్సు లేకుండా అమ్మడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం.

డబ్బు వెనక్కి అడిగితే 'గుడి చూపించాంగా' అంటున్నారు.

మోటుపల్లికి ప్యాకేజీ అక్కర్లేదు. చీరాలలో గానీ వేటపాలెంలో గానీ రైలు దిగి ఆటో మాట్లాడుకోండి. వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం గ్రంథాలయం కూడా చూసి రావచ్చు, నాకైతే అదొక్కటే ఒక పూట పని.

ఇప్పటికే కట్టినవాళ్లు ఆ ప్రకటన, యూపీఐ రసీదు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫిర్యాదు ఇవ్వండి. మేం ఇచ్చాం.