సెల్ఫ్ నొక్కితే టిక్కుమని ఊరుకునే బండికి చౌక మల్టీమీటరు: ఏళ్ల వాడకం తర్వాత

రెండు మూడు వందల రూపాయలకు దొరికే 830 రకం చేతి మల్టీమీటరు ఏళ్లుగా నా టూల్ బ్యాగులో ఉంది. దానికి పని పడేది ఎక్కువగా బండి స్టార్ట్ కానప్పుడే. కరెంటు ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది ఇది నికరంగా చెబుతుంది. పెట్రోలు, కంప్రెషన్, ప్లగ్గులో స్పార్క్ దీనికి పట్టవు. ఆ హద్దు తెలిసి కొంటే పెట్టిన డబ్బుకు చాలా ఎక్కువే ఇస్తుంది.

మొదట బ్యాటరీ. డయలు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఎర్ర వైరు కొసనున్న ముల్లు బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మైనస్‌కి ఆనించాలి. అప్పుడే చార్జింగ్ తీసేసిన బ్యాటరీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఓ నిమిషం ఇండికేటర్లు వెలిగించి, ఆపాక చూడండి. 12.6 దాటితే నిండు చార్జి, 12.4 ఫర్వాలేదు, 12.0 అంటే దాదాపు డౌన్. అయితే ఊరికే ఉన్నప్పటి రీడింగును నమ్మి లేవకూడదు. ముళ్లు అలాగే ఉంచి సెల్ఫ్ రెండు సెకన్లు నొక్కి పట్టండి. ఈ మీటరు నిదానంగా మారుతుంది, చటుక్కున వదిలేస్తే అసలు అంకె కనపడదు. 10 దగ్గర నిలబడితే బ్యాటరీ మంచిదే. 12.6 ఉన్నది ఒక్కసారిగా 6, 7కి పడిపోతే లోపల సెల్లు పోయినట్టే, రాత్రంతా చార్జింగ్ పెట్టినా లేవదు.

దీనికి ఉల్టా కేసులోనే జనం డబ్బు తగలేస్తారు. రిలే (సెల్ఫ్ నొక్కితే స్టార్టర్ మోటారుకు కరెంటు వదిలే స్విచ్) టిక్కుమంటుంది, మోటారు తిరగదు, మీటరు మాత్రం కదలకుండా 12.4 దగ్గరే ఉంటుంది. అంటే బ్యాటరీ నుంచి కరెంటు బయటికే పోవడం లేదు. కొత్త బ్యాటరీ వేసినా అదే టిక్కు. ఇప్పుడు నల్ల ముల్లు బ్యాటరీ మైనస్ మీద, ఎర్రది రంగు లేని ఇంజన్ బోల్టు మీద పెట్టి సెల్ఫ్ నొక్కాలి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు. అర వోల్టు దాటితే ఎర్త్ వైరు బోల్టు విప్పి గీకాల్సిందే. అక్కడ బాగుంటే ప్లస్ వైపు: ఒక ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది స్టార్టర్ మోటారుకు వెళ్లే లావు వైరు నట్టు మీద. నొక్కినప్పుడు కూడా ఇక్కడ మొత్తం 12 వోల్టులూ కనిపిస్తే రిలే లోపలి పాయింట్లు కాలిపోయాయి, లేదా దారిలో వైరు తెగింది. ముల్లు ఒక్కో నట్టు ముందుకు జరుపుతూ పోతే ఎక్కడో తేలుతుంది. నా లెక్కలో మీటరు ధర ఈ ఒక్క పరీక్షతోనే తీరిపోతుంది.

టిక్కు కూడా రాకపోతే ఫ్యూజు, క్లచ్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, కిల్ స్విచ్ వరసగా బీప్ (దారి తెగకుండా ఉంటే మోగే సెట్టింగు) పెట్టి చూడండి. 830 రకంలో బీప్ ఉన్నవీ లేనివీ రెండూ అమ్ముతారు, ఉన్నదే అడిగి తీసుకోండి. కంటికి బాగున్న ఫ్యూజు కూడా కాలు దగ్గర చిట్లి ఉండొచ్చు. వానాకాలం తర్వాత సాకెట్లలో పచ్చగా చిలుము పడుతుంది, షెడ్డులో పెట్టిన బండికైతే సీటు కింద ఎలుకలు.

ఇక్కడ మీటరు మోసం చేసే చోటొకటుంది. ఇది తీసుకునే కరెంటు దాదాపు సున్నా. అందుకని ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా నిండుగా 12 వోల్టులు చూపిస్తుంది. 10 వాట్ల ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు అతికించి జతగా ఉంచుకోండి. వోల్టేజీ ఉన్నా బల్బు వెలగకపోతే ఆ వైరు పనికిరాదు.

సెల్ఫ్ తిరుగుతూ ఇంజన్ అందుకోకపోతే మీటరు ఉపయోగం సగానికి తగ్గుతుంది. ప్లగ్ క్యాపు ఊడదీసి, డయలు ఓముల వైపు 20కే (20K) మీద పెట్టి చూస్తే చాలా బండ్లలో 5 కిలో ఓముల దగ్గర రావాలి. స్క్రీను ఎడమన ఒంటరి 1 నిలిస్తే క్యాపు లోపల తెగినట్టు. ఇగ్నిషన్ కాయిలు ప్రైమరీ (తక్కువ వోల్టేజీ వైపు చుట్ట) ఒక ఓము లోపే ఉండే బండ్లలో దీని వైర్లే అర ఓము దాకా చూపిస్తాయి, ఆ అంకె నమ్మకండి. స్పార్క్ కొలుద్దామని ప్లగ్ వైరుకు మాత్రం ఆనించొద్దు. అక్కడ వేల వోల్టులు, మీటరు అక్కడికక్కడే పోతుంది. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండిలో కీ ఆన్ చేయగానే పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు గుయ్‌మనాలి. అనకపోతే పంపు సాకెట్ దగ్గర వోల్టేజీ ఆ రెండు మూడు సెకన్లలోనే చూడాలి.

మీటరు సొంత రోగాలూ ఉన్నాయి. లోపలి 9 వోల్టుల సెల్లు డల్ అయితే అన్నీ ఎక్కువ చూపిస్తుంది. నిన్న ఆపిన బండి 13.2 చూపిస్తే ముందు ఆ సెల్లు మార్చండి. ముల్లు మెడ దగ్గర వైరు లోపల తెగుతుంది. వైర్లు ఒకదానికొకటి తాకించి, ఊపుతూ బీప్ వినండి. మొసలి క్లిప్పులున్న సిలికాన్ వైర్లు వేరుగా కొంటే ఒక చేయి ఖాళీ అవుతుంది. ఎర్ర వైరు 10 ఆంపియర్ల కంతలో మరిచి బ్యాటరీకి ఆనిస్తే నేరుగా షార్టే. చాలా చౌక మీటర్లలో ఆ కంతకు ఫ్యూజు ఉండదు.