మూడేళ్లు వాడాక యాంప్ చిప్ ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ గురించి

లోపలే డీఎస్పీ (సౌండ్‌ని లెక్కలతో మార్చే భాగం) ఉన్న క్లాస్ డి యాంప్ చిప్, అంటే స్పీకర్‌ని నడిపే యాంప్లిఫయర్ చిప్ ఒకటి, దానికి చిప్ వాళ్లే ఇచ్చే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్, ఈ రెండూ మూడేళ్లుగా వాడుతున్నా. రెండు స్పీకర్లు దీంతోనే ట్యూన్ చేశా, అందులో ఒకటి ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే పక్కన మోగుతోంది.

ముందు మంచి చెప్తా. పాట నడుస్తుండగానే ఈక్యూ కర్వ్‌ని (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత పెరగాలో తగ్గాలో చూపే గీత) మౌస్‌తో లాగుతుంటే సౌండ్ అప్పటికప్పుడు మారుతుంది చూడండి, అది అలవాటయ్యాక చేత్తో లెక్కలేసుకోవడం ఇక మన వల్ల కాదు. ఒక్కో బైక్వాడ్‌కి, అంటే ఒక్కో చిన్న ఫిల్టర్‌కి, ఐదు నంబర్లు (కోఎఫిషియెంట్లు), ఒక్కోటి 32 బిట్లు, నా చిప్‌లో 5.27 ఫార్మాట్ (పాయింట్‌కి ముందు 5 బిట్లు, తర్వాత 27), అంటే 1.0 పంపాలంటే హెక్స్‌లో 08 00 00 00 రాయాలి, పైగా ఫీడ్‌బ్యాక్ వైపు (ఫిల్టర్ తన పాత అవుట్‌పుట్‌ని మళ్లీ వాడే చోట) ఉన్న రెండు నంబర్లకీ ప్లస్ మైనస్ గుర్తు తిరగెయ్యాలి. ఇదంతా సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్ కూడా బాగుంది, 12 వోల్టుల సప్లై మీద 8 ఓమ్స్ స్పీకర్‌కి క్లిప్ అవ్వకుండా (అలల కొనలు తెగిపోకుండా) 9 వాట్లు దాటదు కదా, దానికి కాస్త కిందే త్రెషోల్డ్ పెట్టా, ఎంత పెంచినా గొంతు బొంగురు పోలేదు.

అసలు కష్టం డంప్ ఫైల్ (చిప్ రిజిస్టర్లలో, అంటే సెట్టింగులు ఉండే గడుల్లో, ఏం రాయాలో సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాబితా) తీసుకుని మన మైక్రోకంట్రోలర్‌లో పెట్టాకే మొదలవుతుంది. నాకైతే వాల్యూమ్ నాబ్ తిప్పగానే టప్పుమని ఒక శబ్దం, ఆ తర్వాత ట్రెబుల్ మొత్తం పాడైపోయింది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే మళ్లీ మామూలే. రెండు రోజులు సోల్డరింగ్‌ని అనుమానించా. ఈ చిప్‌లో రిజిస్టర్లు పేజీలుగా, ఆ పేజీలు బుక్‌లుగా ఉంటాయి. చివరికి చూస్తే డంప్ ఆఖర్లో చిప్ కోఎఫిషియెంట్ల పేజీలోనే ఉండిపోయింది, నా కోడ్ ఆ సంగతి చూడకుండా వాల్యూమ్ రిజిస్టర్ అనుకుని అక్కడే రాసేసింది, అంటే ఒక ఫిల్టర్ నంబర్‌లో ఒక బైట్ మారిపోయిందన్నమాట. అప్పట్నుంచీ ఏది రాసినా ముందు పేజీ 0, తర్వాత 7ఎఫ్ రిజిస్టర్‌లో బుక్ 0, మళ్లీ పేజీ 0, ఈ మూడూ రాయకుండా ముందుకెళ్లను.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. స్క్రీన్ మీద కనిపించే గ్రాఫ్ మీరు అడిగింది, చిప్‌లో ఉన్నది కాదు. 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేట్‌కి లెక్కేసిన క్రాసోవర్‌ని (బేస్‌నీ ట్రెబుల్‌నీ వేర్వేరు స్పీకర్లకి పంచే ఫిల్టర్) 44.1లో నడిపిస్తే 2000 హెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 1837కి జారిపోతుంది, గ్రాఫ్ మాత్రం 2000 అనే చూపిస్తుంది! ట్వీటర్ (ట్రెబుల్ వాయించే చిన్న స్పీకర్) ఎందుకు ఇబ్బంది పడుతోందో నాకు మైక్ పెట్టి కొలిచాకే అర్థమైంది. అందుకే రిజిస్టర్ మ్యాప్ విండో తెరిచి రీడ్ బటన్ నొక్కి, వచ్చిన నంబర్లని డంప్‌తో పోల్చి చూస్తా, చిప్ తన తప్పులు నమోదు చేసే ఫాల్ట్ రిజిస్టర్ కూడా అప్పుడే చదివేస్తా, క్లాక్ ఎర్రర్ ఉంటే అక్కడే దొరికిపోతుంది.

నచ్చనివి రెండే. డంప్‌లో మధ్యలో ఉండే డిలేలు ఎందుకో ఒక్క ముక్క కూడా రాయరు, అవి తీసేస్తే చిప్ ఒక్కోసారి ప్లే మోడ్‌లోకి రాదు. రెండోది, విండోస్‌లో తప్ప నడవదు, దీని కోసమే ఒక పాత ల్యాప్‌టాప్ అలాగే ఉంచా.