గ్రేవ్లీ ముందు సికిల్ బార్: ఏపుగా పెరిగిన గడ్డికి మాత్రం తిరుగులేదు

గ్రేవ్లీ మోడల్ ఎల్ అంటే ముందు పనిముట్లు బిగించి వాడుకునే పాతకాలపు చిన్న ట్రాక్టరు, దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. రెండు చక్రాలు, బెల్టు అన్న మాటే లేకుండా అంతా గేర్లు, వెనక నడుస్తూ తోలాలి. ఆ బండ్లు ఉన్నవాళ్ళలో ఎక్కువమంది ముందు రోటరీయే, అంటే గిర్రున తిరిగే బ్లేడుతో గడ్డి కోసేదే బిగిస్తారు. నా దగ్గరున్నది సికిల్ బార్, అంటే పొడవాటి బద్ద మీద వరసగా పళ్ళున్న కత్తి, అటూ ఇటూ ఆడుతూ కత్తెరలా కోస్తుంది. ఇది దొరకడమే అరుదు, దొరికినా సగం పళ్ళు ఊడిపోయి ఉంటుంది. ఈ బండ్లు పుట్టిన వెస్ట్ వర్జీనియాలోనే ఓ రైతు సామాన్ల వేలంలో 1950ల నాటి బండితో కలిపి కొని, ఒహాయోలో మా ఇంటి వెనక పొలంలో ఏళ్ళ తరబడి వాడుతున్నాను.

దీన్ని వదులుకోలేకపోవడానికి ఒకటే కారణం: గడ్డికి మొదట తగిలేది కత్తి, టైరు కాదు. కడుపు కింద డెక్ (బ్లేడు తిరిగే డొప్ప) ఉండే ట్రాక్టర్లతో ముందు చక్రాలు గడ్డిని తొక్కేస్తాయి, బ్లేడు దాని మీదుగా వెళ్ళిపోతుంది, రెండ్రోజులకి ఆ గడ్డి మళ్ళీ లేచి నిలబడి వెక్కిరిస్తుంది. ఇందులో ఆ గొడవ లేదు. జూన్‌లో నడుం దాకా పెరిగిన తిమొతీ గడ్డిలోకి తోలితే కాడలు మొదట్లో సన్నగా వణుకుతాయి, ఆ తర్వాత వరసంతా ఒక్కసారిగా బార్ మీదకి ఒరిగి వెనక్కి పడుతుంది. కాడ ముక్కలవదు. ఎండబెడితే మంచి ఎండుగడ్డి. రాళ్ళు ఎగిరి కిటికీలకి తగులుతాయన్న టెన్షన్ కూడా ఉండదు.

మొన్నటి వేసవి ముందు వేసవిలో గడ్డిలో దాక్కున్న పాత కంచె తీగ ఒకటి పళ్ళ మధ్య ఇరుక్కుంది. ఠంగుమని చప్పుడు, ఇంజిన్ ఆగిపోయింది. స్పార్క్ ప్లగ్ వైరు పీకేసి చూస్తే రెండు పళ్ళు విరిగాయి, పళ్ళకి కాపుగా ముందుకి పొడుచుకొచ్చి ఉండే గార్డుల్లో ఒకటి వంగింది. పళ్ళు మార్చడం పెద్ద కష్టం కాదు. కత్తి బద్దని వైస్‌లో నిలబెట్టి పన్ను వెనక అంచు మీద సుత్తితో ఒక్కటిస్తే పాత రివెట్లు తెగిపోతాయి. గార్డుతోనే తల ప్రాణం తోకకొచ్చింది. సరైనది ఎక్కడా దొరక్క, చివరికి ఉన్నదాన్నే వేడిచేసి తిన్నగా చేయించాను.

అన్నీ బిగిస్తుంటే పక్క పొలం పెద్దాయన వచ్చి చూశారు. జీవితమంతా ఎండుగడ్డి కోసిన మనిషి. విరిగిన పళ్ళని పట్టించుకోనేలేదు. కత్తిని వేలితో పైకెత్తి, "ఇంత వదులుంటే ఇన్నాళ్ళూ ఎలా కోసిందయ్యా?" అన్నారు. కత్తిని పైనుంచి నొక్కిపట్టే క్లిప్పులు అరిగి లేచిపోయాయట. పన్ను కింది ప్లేటుని ఆనుకుని జారకపోతే వదులైన కత్తెరలో గుడ్డలా గడ్డి మధ్యలో మడతపడుతుంది. ఆయన ఒక్కో క్లిప్పునీ సుత్తితో మెల్లగా కొడుతూ, కొట్టిన ప్రతిసారీ కత్తి చేత్తో కదులుతోందా లేదా అని చూశారు. ఎక్కువ కొడితే బిగుసుకుపోతుంది. అరగంట పని. ఆ తర్వాత గడ్డి చుట్టుకుని ఆగిపోవడం సగానికి పైగా తగ్గింది. పాత యజమాని దీన్ని ఎందుకు అమ్మేశాడో అప్పుడు అర్థమైంది!

సగానికి పైగా అన్నాను గానీ, పూర్తిగా కాదు. కింద సన్నటి లేత గడ్డి దట్టంగా ఉన్నా, మంచు ఆరకముందే మొదలుపెట్టినా చుట్టుకుంటుంది. చుట్టుకుంటే ఇంజిన్ ఆపాల్సిందే, నడుస్తుండగా చెయ్యి పెట్టే పని కానే కాదు. ఇది వచ్చాక రోటరీ అమ్మేస్తానని స్నేహితులకి చెప్పాను. అమ్మలేదు. ఇంటి ముందు లాన్‌కి, తుప్పలకి అదే దిక్కు. పైగా సికిల్ బార్‌తో ముందు బరువు వల్ల మలుపుల్లో జబ్బలు పట్టేస్తాయి, అదురుకి సాయంత్రానికల్లా చేతులు తిమ్మిరెక్కుతాయి.

నాకు సరిపోయిందంటే కారణాలున్నాయి. ఏడాదికి రెండు కోతలే, అదీ ఆరుబయట గడ్డి, కోసింది తీసుకెళ్ళడానికి మేకలున్న పొరుగువాళ్ళున్నారు. కోసిన గడ్డి పోగుచేసేవాళ్ళు లేకపోతే అది అలాగే పడి కింద మొలకని చంపేస్తుంది, అలాంటివాళ్ళకి రోటరీయే మేలు. సుత్తి, రివెట్లతో ఓ పూట గడపడం చిరాకైతే కూడా అంతే. ఒకవేళ కొనాలనుకుంటే ధర అడిగే ముందు కత్తిని వేలితో ఎత్తి చూడండి, గార్డులన్నీ లెక్కపెట్టుకోండి.