డోమ్ డిజైన్ సాఫ్ట్‌వేర్లు: వెల్డింగ్ షాపులో అక్కరకొచ్చేవి ఏవి?

హనుమకొండ, ములుగు పరిసరాల్లోని నర్సరీలకు జి.ఐ. పైపులతో జియోడెసిక్ డోమ్‌లు (త్రికోణాల అల్లికతో నిలిచే గుండ్రటి గోపురాలు) కట్టి షేడ్‌నెట్ కప్పే పనిలో ఉన్న నేను, అసిడోమ్ (డోమ్ కాలిక్యులేటర్), బ్లెండర్ (3డి బొమ్మల ప్రోగ్రాము), ఫ్రీక్యాడ్ (ఇంజనీరింగ్ డ్రాయింగుల ప్రోగ్రాము) అనే మూడింటినీ కొన్నేళ్లుగా వాడుతున్నాను. తెరమీద బొమ్మ ఎంత బాగుందన్నది కాదు, కటింగ్ మిషన్ దగ్గర నిలబడిన మనిషికి ఏది పనికొస్తుందన్నదే ఈ సమీక్షకు గీటురాయి.

బ్రౌజర్‌లోనే నడిచే అసిడోమ్‌లో వ్యాసార్ధం, ఫ్రీక్వెన్సీ (మూల త్రికోణపు ఒక్కో అంచును ఎన్ని భాగాలు చేయాలన్నది; 2వి అంటే రెండు భాగాలు), గోళంలో ఎంత భాగం కావాలి, ముక్కలు ఎలా కలవాలి అన్నవి ఇస్తే పొడవులు, సంఖ్యలు, కోణాలు వచ్చేస్తాయి. ఉదాహరణకు 3 మీటర్ల వ్యాసార్ధం గల 2వి అర్ధగోళానికి 1.64 మీటర్లవి 30, 1.854 మీటర్లవి 35, మొత్తం 65 ముక్కలు కావాలి. ప్రెస్సు కింద చదును చేసిన కొసలను పొట్టివాటికి దాదాపు 16 డిగ్రీలు, పొడుగువాటికి 18 డిగ్రీలు వంచాలి. అయితే ఈ పొడవులు బోల్టు రంధ్రం మధ్య నుంచి రంధ్రం మధ్య వరకు ఉన్నవి. రంధ్రం అవతల రెండు కొసలా 25 మిల్లీమీటర్ల చొప్పున వదిలితే పైపును 50 మిల్లీమీటర్లు ఎక్కువగా కోయాలి, కాబట్టి షాపుకిచ్చే కాగితం మీద రెండు కొలతలూ విడివిడిగా రాయడం తప్పనిసరి.

బ్లెండర్ రైతుకు డోమ్ రూపం చూపడానికి చాలు. అందులో ఐకోస్ఫియర్ అనే త్రికోణాల గోళపు ఫ్రీక్వెన్సీ ప్రతి మెట్టుకూ రెట్టింపవుతుంది గనుక 2వి, 4వి వస్తాయి తప్ప 3వి నేరుగా రాదు.

అసలు డబ్బు మిగిలేది కోత లెక్కలో. నేను వాడిన డోమ్ కాలిక్యులేటర్లలో ఏదీ బజారులో దొరికే 6 మీటర్ల పైపును లెక్కలోకి తీసుకోలేదు. వ్యాసార్ధాన్ని 3.2 మీటర్లకు పెంచితే పొడుగు ముక్క కోత కొలత (50 మిల్లీమీటర్లు కలుపుకొని) 2.028 మీటర్లవుతుంది, ఒక పైపులో మూడు పట్టవు. రెండు రకాలనూ వేర్వేరు పైపుల్లోంచి కోస్తే 28 పైపులు కావాలి. అదే రెండు పొడుగు ముక్కలకు ఒక పొట్టి ముక్కను (1.8 మీటర్లు) జతచేసి కోస్తే, మిషన్ చక్రం తినేది పోను కూడా, 22తో సరిపోతుంది. అంటే 3 మీటర్ల డోమ్‌కు పట్టే పైపులతోనే అంతకంటే పెద్ద డోమ్ లేస్తుంది! ఇందుకోసం కట్‌లిస్ట్ ఆప్టిమైజర్ వంటి ప్రోగ్రామును తప్పక జోడించుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఫ్రీక్యాడ్‌లోని స్ప్రెడ్‌షీట్‌కు కొలతలను ముడిపెట్టుకుంటే వ్యాసార్ధం మార్చిన ప్రతిసారీ డ్రాయింగు తనంతట తానే మారుతుంది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి, కానీ ఆ శ్రమకు తగిన ఫలితం ఉంది.

గాలి మాట ఈ కాలిక్యులేటర్లు చెప్పవు. వేసవిలో మా వైపు ఈదురుగాలులు ఒక్కసారిగా లేస్తాయి, నెట్ కప్పిన తేలికపాటి డోమ్‌ను పైకెత్తాలని చూస్తాయి. అందుకే పైపు మందాన్నీ, పునాది బోల్టులనూ గాలి భారానికి సంబంధించిన భారత ప్రమాణం ఐ.ఎస్. 875 మూడో భాగం ప్రకారం ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్కకట్టించిన తరువాతే కొలతల కాగితాన్ని షాపుకు పంపుతాను.