చిలికాలో సైకిలు: ఏ దీవికి వెంట తీసుకెళ్లాలి?

కార్లు లేని దీవికి పడవలో వెళ్లి సైకిలు మీద తిరగాలని మా బావకు ఎన్నాళ్లనుంచో కోరిక. ఒడిశా బరంపురంలో ఉంటూ దానికోసం ఎక్కడికో పోవడం ఎందుకు, పక్కనే చిలికా సరస్సు ఉంది కదా అన్నాను. వెళ్లి చూశాక తేలిందేమిటంటే, ఇక్కడ మోటారు బండి అడుగుపెట్టని దీవులు సైకిలు తొక్కడానికి చాలవు. తొక్కడానికి చాలిన దీవిలో మోటారు బండ్లున్నాయి. అందుకే దీన్ని రెండు ప్రయాణాలుగా చేసుకోవడం మేలు. మొదటిదానికి సైకిలు ఇంట్లోనే వదిలేయవచ్చు.

ఆ మొదటిది రంభ. హౌరా–చెన్నై రైలు మార్గంలో చిన్న స్టేషను. మేం సైకిళ్లతో రేవు చేరితే పడవ నడిపే పెద్దాయన నవ్వారు. గంజాం తీరపు నోళియా మత్స్యకారుల కుటుంబం, ఇంట్లో తెలుగే. "ఇవెందుకు బాబూ? పెడలు మీద కాలు పెట్టేలోపే దీవి అయిపోతుంది. ఇక్కడే తాళం వేసుకోండి" అన్నారు. నిజమే. బ్రేక్‌ఫాస్ట్ దీవిలో పాత బంగళా శిథిలాలు, కొన్ని చెట్లు, అంతే. ఘంటశిల కొండ దగ్గర నీళ్ల మధ్య బండమీద ఒక స్తంభం ఉంది. గంజాం కలెక్టరుగా చేసిన స్నాడ్‌గ్రాస్ 18వ శతాబ్దం చివర్లో దాన్నీ, దానికో గదినీ కట్టించారట. దొరగారు నీళ్ల మధ్యకు వెళ్లి కూర్చున్నారంటే అర్జీదారుల బెడద ఎంత ఉండేదో!

నాకు నచ్చింది బర్కుడా దీవి. పర్యాటకుల పడవవాళ్లు దాన్ని హనీమూన్ దీవి అంటారు. నీళ్లు తేటగా ఉండి అడుగున నాచు కనిపిస్తుంది. ఈ దీవిలోనే దొరికిన కాళ్లు లేని నలికిరిని 1917లో ఆనండేల్ అనే జంతుశాస్త్రవేత్త లోకానికి పరిచయం చేసి, దీవి పేరుమీదే 'బర్కుడియా' అని పేరు పెట్టారు. మాకైతే కనబడలేదు. మీకు కనబడితే పాము అనుకుని కర్ర ఎత్తకండి.

పడవకు అద్దె మనిషికింత అని కాదు, పడవకింత, గంటకింత. నలుగురైదుగురు కలిస్తేనే గిట్టుబాటు. లైఫ్ జాకెట్లు అడక్కపోతే మూలనే పడి ఉంటాయి, అడిగి తొడుక్కోండి. ఇంజను చప్పుడు మాత్రం భరించలేం. బండ్ల రొద లేని చోటు కోసం బయలుదేరి అంతకు మించిన రొద మీద కూర్చుని వెళ్లాలి. దీవి దగ్గరపడ్డాక ఇంజను ఆపి గడ వేయమని అడగండి, కాదనరు.

బసకు ప్రభుత్వ పర్యాటకాభివృద్ధి సంస్థవారి పాంథనివాస్ సరస్సు ఒడ్డునే ఉంది, పొద్దున్నే రేవుకు నడిచి వెళ్లవచ్చు. తక్కువలో వస్తుందని మేం ఒక రాత్రి జాతీయ రహదారి పక్కన లాడ్జిలో దిగాం. తెల్లవార్లూ లారీ హారన్లే. మిగిలిన డబ్బు నిద్ర ఖాతాలో పోయింది.

రెండోది, సైకిలుకు తగినది, పారికుద్. సరస్సుకూ సముద్రానికీ మధ్య ఉన్న పెద్ద దీవుల వరుస ఇది, పరిపాలన కృష్ణప్రసాద్ కేంద్రంగా సాగుతుంది. సరస్సులోని మరో దీవిలో కొలువైన కాళీజాయి అమ్మవారి కథలో పెళ్లికూతురు పడవలో అత్తవారింటికి బయలుదేరి మునిగిపోయింది ఈ పారికుద్‌కు వెళ్లే దారిలోనేనని చెబుతారు. ఇప్పుడు సరస్సు ఒడ్డునున్న సాతపడ నుంచి దీవిలోని జన్హికుడకు పంటు నడుస్తోంది. కార్లు, బైకులతోపాటు సైకిళ్లనూ ఎక్కించుకుంటారు. పంటు తప్పితే చాలాసేపు కాచుకోవాలి, అందుకని టీ తాగే ముందే వేళలు కనుక్కోండి.

మేం పూరీ దాకా రైల్లో వెళ్లి, అక్కడినుంచి తొక్కాం. బ్రహ్మగిరి మీదుగా సాతపడ సుమారు 50 కిలోమీటర్లు, దారంతా చదునే. బ్రహ్మగిరిలో అలార్‌నాథ్ గుడి పాయసం కోసం ఆగడం న్యాయం. సాతపడలో డాల్ఫిన్ల పడవలు ఎక్కితే ఇరావతి డాల్ఫిన్ల వీపులు కనబడే అవకాశం బాగానే ఉంది. కానీ ఇసుక దిబ్బ మీద ఆల్చిప్ప పగలగొట్టి, అప్పుడే దొరికినట్టు ముత్యం చూపించేవాళ్లుంటారు. బావ బేరం మొదలుపెట్టేలోపే చేయి పట్టి లాక్కొచ్చాను.

జన్హికుడలో పంటుతోపాటు దిగిన బండ్లన్నీ ఒక్కసారిగా దూసుకుపోతాయి. పది నిమిషాలు ఆగి బయలుదేరితే రోడ్డంతా మీ సొంతం. ఒకవైపు కొబ్బరి తోటలు, పొలాలు, రొయ్యల చెరువులు. మరోవైపు సముద్రం దిక్కున సరుగుడు తోపులు. నడుమ తుఫాను షెల్టర్లు. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రోజులు తలచుకుంటే అవి ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. కృష్ణప్రసాద్‌లో పారికుద్ రాజుల కోటను బయటినుంచే చూశాం. భోజనం చిన్న హోటల్లో: అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు), రొయ్యల కూర. రొయ్యలు పొద్దున పట్టినవే, ఆవనూనె మాత్రం కాస్త ఎక్కువ. మా బావ సంచిలోంచి బరంపురం ఆవకాయ తీస్తే, వడ్డించే అబ్బాయి తనకూ ఒక ముక్క అడిగి తీసుకున్నాడు.

ఇక్కడ అద్దె సైకిళ్లు మాకు కనబడలేదు. పూరీలో దొరుకుతాయి గాని వాటిని తిరిగి అక్కడే అప్పగించాలి. సొంతదే తెచ్చుకోండి, ట్యూబు, పంపు సహా. గాలి సంగతి అన్నిటికంటే ముఖ్యం. వలస పక్షులు వచ్చే శీతాకాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, కాబట్టి సాతపడ వైపు నుంచి పాలూరు వైపు తొక్కితే వీపు తోస్తుంది. మార్చి తరువాత దక్షిణపు గాలి, అప్పుడు గంజాం వైపు నుంచి ఎక్కాలి. మాలుద్ దాటి పాలూరు వంతెన ఎక్కితే గంజాం జిల్లాలోకి వచ్చినట్టే. హుమ్మ ఉప్పు మళ్ల దగ్గర జాతీయ రహదారి తగులుతుంది. చీకటి పడితే అక్కడినుంచి తొక్కకండి, ట్రాలీ ఆటో మాట్లాడుకుని సైకిళ్లు ఎక్కించేయండి.