చిమ్మటల కోసం రెండు విడిదులు: గండికోట, సిద్ధవటం

జ్యేష్ఠ అమావాస్యకు ముందు వచ్చిన శని, ఆదివారాల్లో పిల్లలిద్దరినీ సిద్ధవటం దగ్గర, లంకమల అడవి అంచునున్న ఒక మామిడితోటలో జరిగిన చిమ్మటల (మాత్‌ల) శిబిరానికి తీసుకువెళ్లాము. రాత్రి తెల్లగుడ్డ కట్టి దీపం పెట్టి, దాని మీద వాలే చిమ్మటలను దగ్గరగా చూడడమే ఈ శిబిరం. నిరుడు గండికోటలోని ఒక గుడారాల విడిదిలో ఇలాంటిదే చూసి ఉన్నందున రెండింటినీ పోల్చి చెప్పగలను.

గండికోటలో పడకలు, స్నానపు గదులు, భోజనం బాగున్నాయి. పెన్నా లోయ మీది సూర్యోదయం సరేసరి. అయితే ఆవరణలో రాత్రంతా ఫ్లడ్‌లైట్లు వెలుగుతూనే ఉండడం వల్ల పురుగులు మేము కట్టిన తెల్లగుడ్డను వదిలి స్తంభాల చుట్టూ తిరిగాయి. ఆర్పమంటే మిగతా అతిథులు ఒప్పుకోరన్నారు. తెల్లవారేసరికి పికిలిపిట్టలు వాటిని ఏరుకుని తినగా, స్తంభాల కింద రెక్కలే మిగిలాయి.

సిద్ధవటంలో వసతి పేరుకే. రేకుల షెడ్డులో చాపలు, 14 మంది పిల్లలకు ఒకే మరుగుదొడ్డి, రెండు పూటలా రాగిసంగటి, చెనిక్కాయల చట్నీ. (సంగటికి నా వైపు నుంచి ఏ ఫిర్యాదూ లేదు.) చీకటి మాత్రం దండిగా ఉంది. రాత్రివేళ అభయారణ్యంలోకి ఎవరినీ పోనివ్వరు కనుక తోటలోనే రెండు వెదురుబొంగుల మధ్య దుప్పటి కట్టి, 8 గంటలకు మెర్క్యురీ బల్బు వెలిగించారు. మొదట ఉసిళ్లు, ఆ వెనుక చిమ్మటలు వచ్చి వాలాయి. ముందురెక్కల అంచున పసుపు గీత ఉన్న తెల్లదాన్ని చూసి తోట కాపలాదారు, "ఇది ఎర్రగొంగళి తల్లి నాయనా, తొలివానకు లేచ్చాది, దీని పిల్లలు చెనిక్కాయ చేన్లన్నీ తినేచ్చాయి, మా నాయన కాలంలో ఇవొచ్చి పడి చావాలని గట్లమీద మంటలు పెడ్తాంటిమి" అన్నాడు. శిక్షకురాలి పాఠం కన్నా ఆయన మాటలనే పిల్లలు ఎక్కువగా రాసుకున్నారు. వేలెడంత లావున్న ఒక హాక్‌మాత్‌ను మా అమ్మాయి గాజుసీసాలోకి తీసుకుంది. ఎగరబోయే ముందు అది రెక్కలను వణికించి ఒళ్లు వేడెక్కించుకుంటుందన్న సంగతి ఆ పిల్లకు అరచేతిలోనే తెలిసింది.

11 గంటలకు దీపం ఆర్పి, గుడ్డ మీది పురుగులన్నిటినీ పొదల్లోకి విదిలించారు. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్లీ కనబడింది ఈ చుట్టుపక్కలే. రాత్రిపూట పురుగులు తిని బతికే ఆ పిట్ట సంగతి కూడా శిక్షకురాలు అప్పుడే చెప్పారు. ఒక్క లోపం: చేతికిచ్చిన బొమ్మల కరపత్రం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది.

రుసుము మనిషికి 1,200 రూపాయలు. గండికోటలో దానికి రెండింతలు తీసుకున్నారు. మళ్లీ వెళ్లాల్సి వస్తే సిద్ధవటానికే వెళ్తాము, టార్చిలైటు, దోమల మందు, ముదురు రంగు బట్టలు వెంట పెట్టుకుని. తెల్లచొక్కా తొడుక్కొచ్చిన మా అబ్బాయి వీపు మీద లెక్కపెడితే పంతొమ్మిది ఉన్నాయి.